నిండుచూపు

లోకనాథం కెమెరాలు బిగించిన చోటల్లా కొబ్బరికాయ కొడతాడు. పలాసలో ఈ సంగతి తెలియని షాపు లేదు. వైర్లన్నీ లాగి, తెర మీద బొమ్మలు గళ్ళు గళ్ళుగా వరుసకు వచ్చాక, రికార్డరు పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కాయ కొట్టి, ఆ తరవాతే యజమానికి పాస్‌వర్డ్ చెప్పేవాడు. "దొంగల్ని పట్టే పెట్టెకి దేవుడి సాయమేటయ్యా" అని ఎవరైనా వేళాకోళమాడితే, "మీ సాయం కంటే నయమే లెండి" అనేవాడు. చెయ్యి తిరిగిన మనిషి. నోరు అంతకంటే తిరిగిన మనిషి.

జీడిపప్పు ఫ్యాక్టరీ పని మాత్రం అతనికి మామూలు బిగింపు కాదు. అతని భార్య దమయంతి అక్కడే జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేస్తుంది. నాలుగేళ్ల కూతురు యామిని పగలంతా ఆ ఫ్యాక్టరీవాళ్ళు నడిపే పిల్లల గదిలోనే ఉంటుంది. పైగా అక్కడ పెట్టబోయే రికార్డరు బజారులో దొరికేది కాదు. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో లోకనాథం సొంత అక్క, అతను అప్ప అని పిలిచే సునంద ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసినది. పేరు కూడా ఆవిడే పెట్టింది, నిండుచూపు అని.

పెట్టెను తెచ్చుకోవడానికి విశాఖ వెళ్లినప్పుడు సునంద తమ్ముణ్ణి ఒక తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద వాళ్ళున్న గదే కనిపిస్తోంది. ఫ్యాను తిరుగుతోంది, కిటికీ పక్కన అటెండరు టీ తాగుతున్నాడు. సునంద లేచి వెళ్లి కెమెరాను అరచేత్తో మూసేసింది.

తెర చీకటి కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అటెండరు గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగాడు. లోకనాథం తల తిప్పి అసలు అటెండరు వైపు చూశాడు. ఆయన గ్లాసు ఎప్పుడో పక్కన పెట్టేసి ఫోను చూసుకుంటున్నాడు.

"అప్పా, ఇదేటి మాయ?"

"మాయ కాదురా, అలవాటు" అంది సునంద. "నెల్లాళ్ళు ఒక చోట పెడితే ఎవరు ఎప్పుడొస్తారో, ఎక్కడ కూచుంటారో, చెయ్యి ఎలా ఊపుతారో అన్నీ పట్టేస్తాది. ఆ తరవాత పొగ కమ్మినా, కరెంటు పోయినా, లెన్సు మీద సాలీడు గూడు కట్టినా, కనపడని ముక్కని తనే నింపేస్తాది. చుట్టూ నీలి గీత పడింది చూశావా? ఆ గీత లోపలున్నదంతా ఊహ. పరీక్షల కోసం ఆ గీత తీసేసే వీలు కూడా పెట్టాం. నువ్వు మాత్రం ఎవరడిగినా తియ్యకు."

"తీస్తే?"

"తీస్తే నీలాగే కబుర్లు చెప్తాది" అని నవ్విందావిడ.

ఆ నవ్వుకి లోకనాథం కూడా నవ్వేశాడు. పదేళ్ల కష్టం ఫలించిన అప్పను చూసి అతనికి గర్వంగా ఉంది. తమ ఇంటి పిల్ల చేసిన పెట్టె మొట్టమొదట తమ ఊళ్ళోనే, తన చేతుల మీదుగానే పెడుతున్నానని బస్సులో పక్క సీటాయనకు పలాస వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఫ్యాక్టరీలో కెమెరాలు పెట్టడమంటే పొగతోనూ ఆవిరితోనూ కుస్తీ పట్టడమే. పిక్కలు ఉడికే బాయిలరు దగ్గర లెన్సు పూటకే మసకబారిపోతుంది. లోకనాథం కప్పుల మీద పాకి వైర్లు లాగాడు, స్విచ్‌లు బిగించాడు, ఒక్కో కెమెరాకూ నంబరు ఇచ్చి రికార్డరుకు పరిచయం చేశాడు. నెల్లాళ్ళ పాటు పెట్టెను ఊరికే చూడనిచ్చాడు. అది ఫ్యాక్టరీ అలవాట్లన్నీ నేర్చుకుంది. పిల్లల గదిలో మూలనున్న చెక్కగుర్రం పక్కన యామిని కూర్చుంటుందనీ, సాయంత్రం దమయంతి వచ్చి పిల్లను చంకనెత్తుకుని వెళ్తుందనీ కూడా నేర్చుకుంది.

ప్రారంభం రోజున మేనేజరు పట్నాయక్ గారు, పనివాళ్ళు అందరూ ఆఫీసు గదిలో తెర ముందు చేరారు. పూజ అయ్యాక పిల్లల గది ఆయా గున్నమ్మ ముందుకొచ్చింది.

"లోకనాథం బావూ, ఆ పెట్టెకి ఎట్టినావు సరే. పిల్లల్ని సూసీ కన్ను అక్కడ కదా ఉన్నాది? దానికీ బొట్టెట్టు. గుంటలకి దిష్టి తగలకండా ఉంటాది."

అందరూ ఔనన్నారు. లోకనాథం పిల్లల గదిలో స్టూలెక్కి, కెమెరాను కప్పిన గాజు గిన్నెకు బొటనవేలితో పసుపు అద్ది, దాని మీద కుంకుమ దిద్దాడు. దిద్దాక నాలిక కరుచుకున్నాడు. బొట్టు లెన్సుకు ఒక పక్క అడ్డం పడింది. ఆఫీసుకు పరిగెత్తుకొచ్చి చూస్తే తెర మీద గది కడిగిన అద్దంలా ఉంది. చెక్కగుర్రం, పక్కన యామిని, చేతిలో పలక. బొట్టున్న మేర చుట్టూ మాత్రం సన్నని నీలి గీత.

"చూశారా సార్! బొట్టు పెట్టినా కన్ను మూసుకోలేదు!" అని అరిచాడు లోకనాథం. నాలిక కరుచుకున్న సంగతి అప్పుడే మరిచిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పట్నాయక్ గారు కళ్ళజోడు సర్దుకుని, "అంతా బాగుంది గానీ ఆ గీతేంటి? సరుకు కొనేవాళ్ళు వచ్చి చూస్తే కెమెరా పాడైందనుకుంటారు. తీసెయ్" అన్నారు.

"అప్ప తియ్యొద్దంది సార్."

"మీ అప్ప ఇక్కడ కూర్చుని చూడదు కదయ్యా."

అందరూ నవ్వారు. అంతమంది ముందు పట్టుబట్టడానికి లోకనాథానికి మొహమాటం అడ్డొచ్చింది. గీత తీసేశాడు. బొట్టు సంగతికొస్తే, పెట్టిన రోజే తుడవడానికి చేతులు రాలేదు. రేపు చూద్దామనుకున్నాడు. మర్నాడు కూడా బొమ్మ నిక్షేపంగా ఉండేసరికి ఆ మాటే బుర్రలోంచి పోయింది.

నిండుచూపు వచ్చాక పట్నాయక్ గారికి మనుషులు ఎక్కువైనట్టు కనిపించారు. పిల్లల గదిలో ఇద్దరు ఆయాలుండేవారు, ఒకావిడను ప్యాకింగుకు మార్చేశారు. గున్నమ్మ వంటగదిలో పిల్లలకు అన్నం వండుకుంటూనే గదిని చూసుకోవచ్చని ఆమె పొయ్యి ఎదురుగా ఒక చిన్న తెర బిగించారు. అదీ లోకనాథమే బిగించాడు. తన ఫోనులో కూడా ఆ గది పెట్టుకున్నాడు. ఏ షాపులో నిచ్చెన మీదున్నా మధ్యమధ్య తీసి కూతురిని చూసుకోవడం అతనికి సరదాగా ఉండేది.

ఒక సాయంత్రం ఇంట్లో దమయంతి చేతులకు ఆముదం రాసుకుంటోంది. జీడితొక్కలోని పాలు తగిలితే చర్మం కాలి నల్లబడిపోతుంది. పిక్క కొట్టే ఆడవాళ్ళందరి వేళ్ళూ అలాగే ఉంటాయి. యామిని తండ్రి ఒళ్ళోకి ఎక్కి, "నాన్నా, కిటికీ కాడ పిల్లి కూనలున్నాయి. ఇయ్యాల ఒకదానికి నాను పేరెట్టినాను" అంది.

"కెమెరాకి అందని ఆ కిటికీ కాడికి నువ్వెప్పుడెళ్ళావే? పొద్దస్తమానం గుర్రం కాడే కూచున్నావు. నేను చూశాను."

"నేదు. గుర్రం కాడ నాను కూకోనేదు."

"అబద్ధం. నాన్న ఫోన్లో చూశాడమ్మా."

పిల్ల పెదవి విరిచింది. లోకనాథం వదల్లేదు. పిల్లకు అబద్ధాలు అలవాటవుతున్నాయని దిగులు పడ్డాడు, చివరికి గట్టిగానే కసిరాడు. యామిని ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్లిపోయింది.

"పిల్లి కూనల గురించి గుంట ఎందుకు అబద్ధం ఆడతాది మావా?" అంది దమయంతి.

"అయితే అంత పెద్ద మిషను అబద్ధం ఆడతాదేటి?" అన్నాడు లోకనాథం.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, బట్టల షాపులో కెమెరా మారుస్తుండగా ఫోను మోగింది. దమయంతి గొంతులో ఆయాసం.

"మావా, గుంట కనపడ్డం నేదు!"

లోకనాథం నిచ్చెన మీదే నిలబడి ఫోనులో పిల్లల గది తెరిచాడు. యామిని గుర్రం పక్కనే ఉంది. పలక మీద ఏదో గీస్తోంది. అతనికి గుండె కుదుటపడింది, వెంటనే చిరాకూ వచ్చింది.

"ఊరికే కంగారు పెట్టేస్తావే! గదిలోనే ఉంది చూడు, గుర్రం కాడ."

"నాను ఆ గదిలోనే ఉన్నాను మావా! ఇక్కడ గుర్రం ఒక్కటే ఉన్నాది!"

"సరిగ్గా చూడు. నా కళ్ళకి కనిపిస్తోంది, నీకు కనిపించదేటి?"

"గున్నమ్మ కూడా అదే అంటన్నాది, టీవీలో ఉన్నాది, టీవీలో ఉన్నాదని! మీకేటి పట్టిందర్రా!" దమయంతి ఏడుస్తోంది. "ఇదిగో, ఆ మూలకే ఎల్తన్నాను."

తెర మీద దమయంతి కనిపించింది. ఫోను చెవికి పెట్టుకుని, జుట్టు చెదిరిపోయి, గబగబా మూలకు నడిచింది. గుర్రానికి రెండడుగుల దూరంలో ఆమె చెయ్యి మాయమైంది. తరవాత భుజం, ముఖం, మనిషంతా మాయమైంది. ఆమె ఉండవలసిన చోట యామిని తీరుబడిగా పలక తుడుచుకుంటోంది. ఫోనులో మాత్రం దమయంతి గొంతు అక్కడి నుంచే వినిపిస్తోంది, "సూడు, గుర్రాన్ని తంతన్నాను, సూడు!" అని. చెక్కగుర్రం నేల మీద పడిన చప్పుడు అతని చెవికి స్పష్టంగా వినపడింది. తెర మీద గుర్రం నిలబడే ఉంది. పిల్ల దాని మెడ నిమిరి నవ్వింది.

లోకనాథం కొయ్యబారిపోయాడు. ఎలా దిగాడో తెలియదు, దిగి సునందకు ఫోను చేశాడు. సంగతి తలా తోకా లేకుండా చెప్పాడు. ఆవిడ మాత్రం రెండు ముక్కల్లోనే గ్రహించింది.

"గీత తీసేశావా?"

అతను బండి తాళాల కోసం జేబు తడిమాడు.

"ఒరే లోకా, తీసేశావా?"

"తీసేశానప్పా."

"ముందు పెట్టు. ఇప్పుడే పెట్టు. అన్ని కెమెరాలూ చూడు."

అక్కడే నిలబడి పెట్టాడు. పిల్లల గదిలో యామిని చుట్టూ గుండ్రంగా నీలి గీత పడింది. అది బొట్టు పరిమాణం అని అప్పుడు, అంత ఆలస్యంగా, తట్టింది. బాయిలరు దగ్గర సగం తెర గీత లోపలే ఉంది. ఇక వెనక గేటు. అక్కడ వాచ్‌మను స్టూలు మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. తెర నాలుగంచులా నీలి గీత. అంటే అందులో అసలు బొమ్మ ఒక్క పిసరు కూడా లేదు.

"వెనక గేటు కెమెరా చచ్చిపోయిందప్పా. ఎలక కొరికిందో ఏటో. ఎప్పట్నుంచో తెలీదు. మనిషి కూచున్నట్టు చూపిస్తోంది."

"అయితే అక్కడ మనిషి ఉన్నాడో లేడో కూడా తెలీదు."

"రికార్డింగు వెనక్కి తిప్పితే పిల్ల ఎటెళ్ళిందో..."

"రికార్డింగులోనూ నింపిన బొమ్మే ఉంటాది రా. అసలుదీ నింపిందీ రెండూ దాస్తే డిస్కు సరిపోదని అసలుది చెరిగిపోయేలా మేమే చేశాం."

లోకనాథం దమయంతికి ఫోను చేసి, "వెనక గేటు! వెనక గేటు చూడు!" అని అరుస్తూ బండెక్కాడు. కాశీబుగ్గ రోడ్డు మీద ఎవరెవరిని తప్పించుకుని వచ్చాడో అతనికి గుర్తులేదు. దారి పొడుగునా ఒకటే మాట అతన్ని కొరికింది. దమయంతి కనపడలేదన్నప్పుడు, ఉంది చూడమని తను వాదించాడు. పిల్ల కోసం వెతకవలసిన వేళలో పెళ్ళాంతో తగువు పెట్టుకున్నాడు.

వెనక గేటు బార్లా తెరిచి ఉంది. స్టూలు ఖాళీ. వాచ్‌మను జ్వరమొచ్చి ఇంటికిపోయి చాలా రోజులైందని తరవాత తెలిసింది. తెర మీద రోజూ కనిపిస్తున్నాడు గనక పట్నాయక్ గారు హాజరు వేయిస్తూనే ఉన్నారు. గేటు అవతల పచ్చి జీడితొక్కలు కొండలా పోసి ఉన్నాయి. ఆ గుట్ట పక్కన ఆడవాళ్ళు మూగి ఉన్నారు. మధ్యలో దమయంతి నేల మీద కూలబడి, ఒళ్ళో పిల్లను పట్టుకుని, బిందెలకు బిందెలు నీళ్ళు పోయిస్తోంది.

పిల్లి కూనల వెంట వెళ్లిన యామిని తొక్కలతో వంట చేసింది. వాటిని చిదిపి, కలిపి, కూనలకు పెట్టింది. తొక్కల పాలు చేతులను కాల్చేసరికి ఏడ్చి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంది. ఎంతసేపు ఏడ్చిందో ఎవరికీ తెలియదు. బాయిలరు హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ చిన్న ముఖం పొక్కులతో ఉబ్బిపోయి ఉంది. లోకనాథం తన కూతురిని తనే గుర్తుపట్టలేకపోయాడు. ఒక్క క్షణం, తెర మీది పిల్లే నిజం పిల్ల అయితే బాగుండునని అతని మనసు అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శ్రీకాకుళంలో కంటి ఆసుపత్రికి చేర్చేసరికి యామిని ఏడవడం కూడా మానేసింది. రెండు కళ్ళకూ, రెండు చేతులకూ కట్లు కట్టారు. ఒక కన్ను నిలుస్తుందన్నారు. రెండోదాని సంగతి కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారు. దమయంతి మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. మధ్యాహ్నం నుంచి ఆమె లోకనాథంతో ఒక్క మాట మాట్లాడలేదు. గున్నమ్మ గుమ్మం దగ్గర గోడకు జారబడి, "అన్నం వార్చినంతసేపూ ఆ టీవీయే సూసినాను తల్లీ, ఉన్నాది, నా కళ్ళెదురుగానే ఉన్నాది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతోంది.

సునంద విశాఖ నుంచి వచ్చింది. మేనగోడలిని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముణ్ణి తిడుతుందనుకున్నాడు లోకనాథం. తిట్టలేదు. "నువ్వు గీత తీశావు. తీసే వీలు పెట్టింది నేను" అంది, అంతే.

పొద్దు వాలుతుండగా పట్నాయక్ గారు పళ్ళ సంచితో వచ్చారు. పిల్లను చూసి చటుక్కున కళ్ళు తిప్పుకున్నారు. తరవాత లోకనాథాన్ని కాస్త పక్కకు పిలిచారు. అయినా ఆ మాటలు మంచం దాకా వినిపిస్తూనే ఉన్నాయి.

"చాలా ఘోరం జరిగింది లోకనాథం. మా చేతనైన సాయం చేస్తాం. కానీ ఒక్క విషయం. రికార్డింగు మొత్తం చూశాను. పాప పొద్దున్నుంచీ గదిలోనే ఉంది. వెనక గేటు దగ్గర వాచ్‌మనూ ఉన్నాడు. ఇది ఫ్యాక్టరీలో జరిగిందనడానికి ఆధారం లేదు కదా? పోలీసులు అడిగితే నేను చూపించాల్సింది అదే కదా?"

లోకనాథానికి మతిపోయింది. ఆ తొక్కల గుట్ట దగ్గర నీళ్ళు పోసిన ఆడవాళ్ళందరినీ, వాళ్ళ కళ్ళనూ, ఒక పెట్టె అబద్ధం చేసేస్తోంది. ఆ పెట్టెకు కొబ్బరికాయ కొట్టింది తను. ఈలోగా సునంద లేచి వచ్చింది.

"సార్, పిల్లల గది ఇప్పుడు ఎలా ఉంది?"

"తాళం వేయించానమ్మా. కరెంటు కూడా తీయించేశాను. పిల్లల్ని మధ్యాహ్నమే ఇళ్ళకు పంపేశాం."

"అయితే కెమెరాకి కూడా కరెంటు లేదు. ఒకసారి ఆ గదిని చూపించండి. రికార్డింగు కాదు, ఇప్పటిది."

పట్నాయక్ గారు ఫోను తెరిచారు. గీతలు ఆయన మళ్ళీ తీయించేసినట్టున్నారు. తెర మీద పిల్లల గది వెలుగుతో నిండుగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. పిల్లలు చాపల మీద దొర్లుతున్నారు. గున్నమ్మ ఒక పిల్లాడి ముక్కు తుడుస్తోంది. గుమ్మం దగ్గరున్న అసలు గున్నమ్మ తొంగిచూసి, "ఓలమ్మో" అని రెండడుగులు వెనక్కి వేసింది. మూలన గుర్రం పక్కన యామిని కూర్చుని ఉంది.

పట్నాయక్ గారి ముఖం పాలిపోయింది.

"మీరు చూసిన రికార్డింగు ఇదే సార్" అంది సునంద. "నేను చేసిన పెట్టె ఇది. ఇది సాక్ష్యం కాదని ఎవరి ముందైనా నేనే చెప్తాను. నా పదేళ్ళూ బూడిదైనా చెప్తాను."

అప్పటికి ఫ్యాక్టరీ వదిలే వేళైంది. తెర మీద పిల్లల గది తలుపు తెరుచుకుంది. తల్లులు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. వాళ్ళ వెనకాల దమయంతి వచ్చింది. ఉదయం కట్టిన చీర, చెదరని జుట్టు. మూలకు వెళ్లి వంగి, యామినిని చంకనెత్తుకుంది. పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. ఏ మచ్చా లేని చేతులు.

మంచం పక్కనున్న దమయంతి ఎప్పుడు లేచిందో, వాళ్ళ వెనక నిలబడి ఉంది. చెయ్యి చాపి పట్నాయక్ గారి చేతిలోంచి ఫోను తీసుకుంది. ఎవరూ అడ్డుపడలేదు. తనను తాను రెప్ప వేయకుండా చూసింది. తెర మీద తల్లీకూతుళ్ళు కబుర్లాడుకుంటూ గుమ్మం దాటి వెళ్లిపోయేదాకా చూసింది. తరవాత ఫోను తెచ్చి లోకనాథం చేతిలో పెట్టింది.

"ఇంటికి ఎలిపోతన్నారు మావా" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే అతనికి ఎక్కువ భయం వేసింది. "నువ్వు నమ్మినోళ్ళు ఆళ్ళే కదా. నువ్వూ ఎల్లు. ఇంటి తాళం నీ కాడే ఉన్నాది, పాపం గుమ్మంలో నిలబడిపోతారు."

ఆమె తిరిగి వెళ్లి మంచం పక్కన కూర్చుని, కట్టు కట్టిన చిన్న చేతి కింద తన నల్లబడిన చేతిని పెట్టుకుంది. లోకనాథం ఆ ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మంచం దగ్గరికి వెళ్లడానికి అతనికి కాళ్ళు రాలేదు.